మీకు తెలుసా? అటక మీది మైకు పెట్టె, లండన్ గిటార్ హెడ్డు దగ్గరి చుట్టాలే!

కామవరపుకోట మెట్ట ఊళ్ల నుంచి కొల్లేటి లంకల దాకా, ఒకప్పుడు మైకు సెట్లు అద్దెకిచ్చిన ఇళ్ల అటకల మీద పాత ఆంప్లిఫయర్లు ఇంకా దుమ్ము కొట్టుకుని పడి ఉంటాయి. పాత వాల్వుల (సిగ్నల్‌ని పెంచే గాజు బుడ్ల) గిటార్ ఆంప్లిఫయర్ హెడ్డు ఒక్కటైనా కొనాలని కలలు కనే కుర్రాళ్లూ ఇప్పుడు ఊరికొకరు తయారవుతున్నారు. ఈ రెండింటి మీదా పోగేసిన వింతలు ఇవిగో. ఎక్కడి నుంచి చదివినా ఫరవాలేదు, వరస అక్కర్లేదు!

హెడ్డు అనే పెట్టెలో స్పీకరే ఉండదు! చప్పుడు చేసేది దాని కింద ఉండే వేరే క్యాబినెట్టు, హెడ్డు పని చిన్న సిగ్నల్‌ని పెద్దది చెయ్యడం వరకే. మరి మన మైకు సెట్టు? ఆంప్లిఫయరు పందిట్లో బల్ల మీద, బూర కొబ్బరిచెట్టు మీద. అంటే పేరు వేరైనా మన పల్లెటూళ్లకు హెడ్డు తెలుసన్నమాట!

ఏలూరు పట్టణం జనమంతా ఒక్కసారే మాట్లాడితే ఎంత శబ్దశక్తి పుడుతుందో చెప్పగలరా? వెయ్యి వాట్లా? పది వేలా? కాదు, సుమారు రెండంటే రెండు వాట్లు! మామూలుగా మాట్లాడే మనిషి గొంతులోంచి వచ్చే శక్తి ఒక వాటులో లక్షో వంతు మాత్రమే, ఏలూరు జనాభా 2011 లెక్కల్లో రెండు లక్షల పైచిలుకు. తనకిచ్చిన కరెంటులో పదో వంతును చప్పుడుగా మార్చే బూర తగిలిస్తే, 20 వాట్ల మైకు సెట్టు ఒక్కటే ఏలూరంత గొంతు చేసుకుంటుంది. చిన్న పెట్టె అని తేలిగ్గా చూడకండి!

100 వాట్ల హెడ్డు 10 వాట్ల దానికంటే పది రెట్లు గట్టిగా మోగుతుందా? మోగదు, మన చెవికి రెట్టింపు మాత్రమే అనిపిస్తుంది! చెవి శబ్దాన్ని కొలిచే లెక్క అలాంటిది. అందుకే ఇంట్లో వాయించుకునే వాళ్లు 100 వాట్ల హెడ్డు కోసం అప్పులు చెయ్యనక్కర్లేదు.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, ఎనిమిది తీగల వాద్యాన్ని ఐదు తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చేశారు! మామూలు మాండలిన్‌లో మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి గమకం కావాలి, గమకానికి నాదం నిలవాలి, ఆ నిలకడ ఆంప్లిఫయరు ఇచ్చింది. తొమ్మిదేళ్ల వయసులో, 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో తొలి కచేరీ చేశారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. ఆ తర్వాత గిటార్ దిగ్గజం జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ప్రపంచం చుట్టి వచ్చారు. విద్యుత్తుతో మోగే తీగ వాద్యం మన పశ్చిమ గోదావరికి పరాయిది కాదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

వాల్వులో సన్నగా ఎర్రగా వెలిగే తీగకు చాలావాటిలో ఇచ్చేది 6.3 వోల్టులే. 6 కాదు, 7 కాదు, ఈ వింత అంకె ఎందుకు? పాత రోజుల్లో కారు బ్యాటరీలో మూడు గదులు ఉండేవి, ఒక్కో గది 2.1 వోల్టులు, మూడు గదులవీ కూడి చూసుకోండి!

ఆ తీగ పక్కనే ఉండే రేకుకు మాత్రం పెద్ద హెడ్లలో 400 వోల్టులు దాటి ఇస్తారు! అది మన ఇంటి కరెంటుకు దాదాపు రెట్టింపు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ఆ కరెంటు దాక్కుని ఉంటుంది కాబట్టి, తెలిసిన మెకానిక్కు తప్ప ఎవరూ మూత విప్పకూడదు. ఇది పిల్లలూ పెద్దలూ కూడా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

వాల్వు గిటార్ ఆంప్లిఫయర్లు చాలావాటిలో కనిపించే 12ఏఎక్స్7 అనే చిన్న వాల్వు అమ్మకానికి వచ్చింది ఎప్పుడో తెలుసా? 1947 సెప్టెంబర్ 15, మనకు స్వాతంత్య్రం వచ్చిన సరిగ్గా నెలకు! ఇంకో వింత వినండి: దాని పొట్టకొట్టిన ట్రాన్సిస్టర్ అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో మొదటిసారి పనిచేసింది 1947 డిసెంబర్ 16న. మూడు నెలల ఒక్క రోజు తేడా! అయినా ఆ వాల్వు ఈనాటికీ కొత్తగా తయారవుతూనే ఉంది.

మన ఆంప్లిఫయర్లు గుంయ్‌మని చేసే శబ్దానికి శ్రుతి ఉంది! మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, పాశ్చాత్యుల 'జి' స్వరం అడుగు స్థాయిలో 49 సార్లు. 'సి'ని షడ్జమంగా పెట్టుకుని పాడే గాయకుడికి మన కరెంటు ఎప్పుడూ దాదాపు పంచమంలోనే తోడు పలుకుతుందన్నమాట. అమెరికా కరెంటు 60 సార్లు ఊగుతుంది కనుక అక్కడి గుంయ్ వేరే స్వరం!

అమెరికాలో కొన్న పాత హెడ్డు తెచ్చి కామవరపుకోటలో గోడ ప్లగ్గుకు పెట్టారనుకోండి, ఏమవుతుంది? పొగ! అక్కడి కరెంటు 117 వోల్టుల లెక్క, మనది 230. వోల్టులు రెట్టింపైతే లాగే శక్తి నాలుగు రెట్లవుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఆ పని చెయ్యకూడదు. ఇంగ్లండు పాత హెడ్లు చాలావాటికి వెనకాల వోల్టేజి మార్చుకునే మీట ఉంటుంది, కొనేముందు అది ఎక్కడ పెట్టి ఉందో చూసుకుంటే చాలు.

మార్షల్ ఆంప్లిఫయర్ల కంపెనీ పెట్టిన జిమ్ మార్షల్ గిటారిస్టు కాడు, డ్రమ్ములు వాయించేవాడు! లండన్‌లో హాన్‌వెల్ అనే పేటలో ఆయన దుకాణానికి డ్రమ్ముల కోసం వచ్చిన వాళ్లు గిటారిస్టు స్నేహితుల్ని వెంటబెట్టుకు రావడం, వాళ్లు గట్టిగా మోగే పెట్టె కావాలని అడగడంతో 1962లో కథ మారిపోయింది. ఇదే మనిషి చిన్నప్పుడు ఎముకల క్షయతో ఏళ్ల తరబడి చీలమండల నుంచి చంకల దాకా పిండికట్టులోనే గడిపాడు. కదలడానికి వీల్లేని ఆ పిల్లాడే పెద్దయ్యాక ప్రపంచాన్ని అంతలా కదిలించాడు!

అసలు ఆ మొదటి మార్షల్ హెడ్డు, జె.టి.ఎం.45, ఒక అమెరికన్ పెట్టెను చూసి చేసిందే. ఆ అమెరికన్ పెట్టె ఫెండర్ బాస్‌మాన్. అదేమో గిటార్ కోసం కాదు, బాస్ కోసం చేసింది!

ఇక ఆ ఫెండర్ పెట్టెల కర్త లియో ఫెండర్‌కు గిటార్ వాయించడమే రాదు! కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసుకునేవాడు. వాయించేవాళ్లు చెప్పింది చెవులప్పగించి వినడమే ఆయన విద్య.

పీట్ టౌన్‌షెండ్ అనే గిటారిస్టు 1965లో మార్షల్‌ను అడిగింది ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్టు! చేసిచ్చారు. మోసేవాళ్లు నడుములు పట్టుకుని మొరపెట్టుకుంటే దాన్ని నాలుగూ నాలుగుగా రెండు ముక్కలు చేశారు. ఒకదాని మీద ఒకటి, పైన హెడ్డు. ప్రపంచమంతా స్టేజీల మీద కనిపించే ఆ నిలువెత్తు గోడకు కారణం కూలీల నడుం నొప్పి!

ఆ గోడల్లో కొన్ని ఉత్తుత్తివని తెలుసా? పెద్ద పెద్ద స్టేజీల మీద వరసగా పేర్చిన క్యాబినెట్లలో కొన్నింటిలో స్పీకర్లే ఉండవు, కళ్లకు నిండుగా కనిపించడానికే!

గిటార్ మాంత్రికుడు జిమీ హెండ్రిక్స్ పూర్తి పేరు జేమ్స్ మార్షల్ హెండ్రిక్స్, ఆయన వాయించిన పెట్టె చేసిన వాడి పేరు జేమ్స్ మార్షల్! చుట్టరికం ఏమీ లేదు, పేర్లు అలా కలిశాయంతే.

మైకు దగ్గర బూర పెడితే 'కూ...' అని కీచుమంటుంది కదా? ఆ కూతకు ఒక శాస్త్రవేత్త పేరుంది: లార్సెన్ ఎఫెక్ట్! డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ దాని కారణం వివరించాడు: బూరలోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరి, మళ్లీ పెరిగి, మళ్లీ దూరి, అలా గిరగిరా తిరుగుతుంది. మన పెళ్లి పందిట్లో చెవులు మూసుకునే ఆ కూతనే 1964లో బీటిల్స్ కావాలని ఒక పాట మొదట్లో పెట్టారు, హెండ్రిక్స్ దాన్ని ఏకంగా సంగీతం చేసేశాడు.

అదే 1964లో డేవ్ డేవిస్ అనే పదిహేడేళ్ల కుర్రాడు తన స్పీకరు అట్టను బ్లేడుతో కోసేశాడు! చినిగిన అట్ట గరగరలాడింది, ఆ గరగర కోసమే ఈనాటి వాళ్లు వేలకు వేలు పోస్తున్నారు. (మీరు మాత్రం బ్లేడు జోలికి వెళ్లొద్దు.)

డెక్కన్ రేడియో, హైదరాబాదు సంస్థానం నాటి రేడియో స్టేషను, 1935లో మొదలైనప్పుడు దాని శక్తి 200 వాట్లు! 100 వాట్ల మార్షల్ హెడ్లు రెండు పక్కపక్కన పెడితే ఎంతో అంతే. అదేమో ఆకాశంలోకి పంపే రేడియో తరంగం, ఇదేమో చెవిలోకి కొట్టే చప్పుడు. కానీ రెండింటిలోనూ వెలిగింది వాల్వులే.

ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్, తొలి హిందీ టాకీలో, తొలి తమిళ టాకీలో, తొలి తెలుగు టాకీలో, మూడింటిలోనూ నటించారు! 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద'; 1931, 1932 నాటి మాట. ఫిల్ము అంచున అచ్చయిన సన్నటి శబ్దరేఖను హాలు నిండే గొంతుగా పెంచింది ఏది? వాల్వు ఆంప్లిఫయరే. అది లేకపోతే టాకీలకు మాట వచ్చేదే కాదు.

గాంధీజీ ఫొటోల్లో మైకు మీద 'చికాగో రేడియో' అని రాసి ఉంటుంది, అది అమెరికా కంపెనీ అనుకుంటున్నారా? కానే కాదు, మన మోట్వానీల కంపెనీ! 1909లో సింధులోని సుక్కూరులో మొదలై, కాంగ్రెస్ సభలకు మైకులు పెట్టిన సంస్థ అది. పల్లెటూళ్ల మైకు సెట్ల మీద కనిపించే ఇంకో పేరు, అహూజా, 1940 నాటిది.

కొల్లేటి మీద రాత్రిపూట మైకు పాట పగటికంటే ఎక్కువ దూరం వినిపిస్తుంది! పొద్దుగూకాక నీటి మీది గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా ఉండిపోతే, పైకి పోవాల్సిన శబ్దం మళ్లీ కిందికి వంగుతుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో వేసిన పాట పక్క లంకలో వాళ్లకు ఇంట్లో కూర్చుని వినిపించిందంటే గొప్పదనం ఆంప్లిఫయరు ఒక్కదానిదే కాదు, సరస్సుది కూడా!

గిటార్ ఆంప్లిఫయర్‌లో 'రివర్బ్' అనే మీట తిప్పితే పెద్ద హాల్లో మోగినట్టు వస్తుంది. లోపల ఏముందో ఊహించండి! పొడుగాటి స్ప్రింగులు, అంతే! శబ్దం స్ప్రింగు ఆ కొస నుంచి ఈ కొసకు కొట్టుకుంటూ ఆలస్యంగా వస్తుంది, పెట్టెను కాస్త కుదిపితే ఉరుము ఉరిమినట్టు మోగుతుంది. ఇక స్ప్రింగు అక్కర్లేని రివర్బు కావాలా? కామవరపుకోట మండలంలోనే గుంటుపల్లి గుహలున్నాయి. అక్కడి గుండ్రటి చైత్యం, క్రీస్తు పుట్టకముందు కొండను తొలిచి చేసింది. లోకప్పు మీద చెక్క వాసాల్లాగా రాతినే చెక్కారు. గుండ్రటి రాతి గదిలో గొంతు విప్పితే గోడలే తిరిగి పలుకుతాయి. ఆ గదికి వయసు రెండు వేల ఏళ్ల పైమాటే. ఫెండర్ రివర్బు పెట్టె వచ్చిందేమో 1961లో!

ద్వారకా తిరుమలలో స్వామికి ఏటా రెండు కల్యాణోత్సవాలు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి! మూలవిరాట్టులు ఇద్దరు కనుక ఉత్సవాలూ రెండు. ఆ చుట్టుపక్కల మైకు వాళ్లకు ఇంతకంటే మంచి కబురు ఉంటుందా?

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. దీనికీ ఆంప్లిఫయరుకీ ఏమిటి సంబంధం అంటారా? ఆ యుద్ధంలో రేడియో సెట్ల కోసం లక్షల్లో చేసిన 807 అనే వాల్వు, యుద్ధం అయిపోయాక మిగిలిపోయి చవగ్గా దొరికి, దేశదేశాల్లో మైకు ఆంప్లిఫయర్లలోకి చేరింది. యుద్ధంలో ఆజ్ఞలు మోసిన వాల్వులు తర్వాత పాటలు మోశాయి!

మన దేశంలోనూ వాల్వులు తయారయ్యేవి! బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు 1961 నుంచి చేశారు. అటక మీది పాత పెట్టెలో 'బెల్' అని అచ్చు ఉన్న గాజు వాల్వు కనిపిస్తే పారెయ్యకండి.

ఇప్పుడు ప్రపంచానికి గిటార్ వాల్వులు ముఖ్యంగా మూడు దేశాల నుంచే వస్తున్నాయి: రష్యా, చైనా, స్లొవేకియా. 2022లో రష్యా ఎగుమతులు ఆపుతోందన్న కబురు రాగానే ప్రపంచమంతా గిటారిస్టులు దుకాణాల మీద పడ్డారు!

1976లో ఒక సోవియట్ పైలట్ మిగ్-25 యుద్ధ విమానంతో జపాన్‌లో దిగిపోయాడు. విప్పి చూసిన అమెరికా వాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు: లోపలి ఎలక్ట్రానిక్స్‌లో వాల్వులు! ధ్వని కంటే వేగంగా ఎగిరే విమానానికీ పల్లెటూరి మైకు పెట్టెకూ ఒకే రకం గుండెకాయ!

ఎనియాక్ అనే తొలినాళ్ల కంప్యూటరులో 17,468 వాల్వులు ఉండేవి. 100 వాట్ల మార్షల్ హెడ్డులో సాధారణంగా ఏడు ఉంటాయి. అంటే ఒక్క ఎనియాక్‌ను విప్పితే దాదాపు 2,500 హెడ్లకు సరిపడా వాల్వులు! ఆ రకాలు వేరే అనుకోండి, లెక్క మాత్రం సరదాగా ఉంది కదూ?

గాలి దూరి చచ్చిన వాల్వును కంటితోనే పట్టెయ్యొచ్చు! గాజు బుడ్డి లోపల వెండిలా మెరిసే మచ్చ ఒకటి ఉంటుంది, అది బేరియం పూత. లోపలికి గాలి దూరితే ఆ మచ్చ పాలలా తెల్లబడిపోతుంది. కొనేముందు టార్చిలైటు వేసి చూడండి, తెల్లమచ్చ ఉంటే ఆ వాల్వు పని అయిపోయినట్టే.

రోజూ మోగిన పెట్టె మంచిదా, ముప్పయ్యేళ్లు బీరువాలో బట్ట కప్పి దాచిన పెట్టె మంచిదా? రోజూ మోగిందే! వాడకుండా ఉంచితే లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు పాడవుతాయి. 'అసలు వాడనే లేదండీ' అని అమ్మేవాళ్లు చెబితే మురిసిపోకండి. అలాంటి పెట్టెకు ఒక్కసారిగా 230 వోల్టులు ఇవ్వకూడదు. మెకానిక్కు దగ్గర వేరియాక్ (వోల్టేజిని పెంచే, తగ్గించే పరికరం) ఉంటే కొంచెం కొంచెంగా పెంచుతూ మేల్కొలపాలి.

స్పీకరు తగిలించకుండా వాల్వు హెడ్డును మోగిస్తే స్పీకరుకు కాదు, హెడ్డుకే ప్రమాదం! బయటికి పోయే దారి లేని శక్తి లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఎగసిపడి దాన్ని కాల్చేస్తుంది. అందుకని బేరమాడేటప్పుడు స్పీకరు పెట్టి మోగించి చూపించమనండి.

మన బూరల వెనక బిగించే డ్రైవరు యూనిట్లు చాలావరకు 16 ఓములు. మార్షల్ నాలుగు స్పీకర్ల పాత క్యాబినెట్టు? అదీ 16 ఓములే!

క్వీన్ బ్యాండులో జాన్ డీకన్ చెత్తకుండీలో దొరికిన సర్క్యూటు ముక్కతో బ్యాటరీ మీద నడిచే బుల్లి ఆంప్లిఫయరు చేశాడు, ఒక వాటు అటూ ఇటూ! దానిలో వాల్వే లేదు, అయినా ఆ బ్యాండు గిటారిస్టు బ్రయాన్ మే దాంతో రికార్డింగుల్లో వయొలిన్లూ బాకాలూ మోగినట్టు పలికించాడు. పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు పెట్టె లోపల ఏముందో ఒక్కసారి చూపించండి మహాప్రభో!

అమెరికాలో డంబుల్ అనే ఆయన చేసిన పెట్టెలు సుమారు 300. ఇప్పుడు ఒక్కొక్కటి లక్ష డాలర్లు దాటుతుంది! లోపలి సర్క్యూటును ఎవరూ చూసి కాపీ కొట్టకుండా దాని మీద జిగురు పోసి గట్టిపరిచేవాడు.

కెన్ ఫిషర్ అనే ఇంకో ఆయన తను చేసిన హెడ్లకు సీరియల్ నంబర్లకు బదులు ఆడవాళ్ల పేర్లు పెట్టేవాడు! మన వాళ్లు బస్సులకూ పడవలకూ ఇంట్లో ఆడపిల్లల పేర్లు రాయించుకోవడం లేదూ?

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్ స్పీకర్లు మోగించకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల మాట. ఇళ్లున్న చోట రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. 1972లో డీప్ పర్పుల్ బృందం లండన్‌లో మోగించింది 117! గిన్నిస్ పుస్తకం వాళ్లు వాళ్లను అత్యంత బిగ్గర బృందంగా ఎక్కించారు; తర్వాత తర్వాత జనం చెవులు పాడవుతాయని ఆ పోటీనే మానేశారు.

చివరగా ఒక పొడుపు. అమెరికన్ పాత హెడ్డు మూతను మెకానిక్కు విప్పినప్పుడు, వాల్యూమ్ మీట వెనక 137 6633 అని చిన్న అంకెలు కనిపించాయి. ఆ మీట పుట్టిన రోజు చెప్పగలరా? 137 అంటే సి.టి.ఎస్. అనే కంపెనీ. 66 అంటే 1966. 33 అంటే ఆ ఏడు ముప్పైమూడో వారం, అంటే ఆగస్టు మధ్య. పెట్టె అంతకంటే పాతది అని అమ్మేవాడు ఒట్టు వేసి చెప్పినా, ఆ మీట తర్వాత మార్చిందైనా అయ్యుండాలి, ఆయన లెక్క తప్పైనా అయ్యుండాలి!